తీతువులు దిగని మెరక

గేదెలు కాసే పెద్దాయనకు గుండెనొప్పి వచ్చి తగ్గింది. తగ్గనిది ఆయన భార్యకి పట్టుకున్న భయం. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే ఆవిడ ఆయన రబ్బరు బూట్లూ చేతికర్రా అటకెక్కించేసింది. కిటికీ పక్కన కుర్చీ వేసి, చలిగాలి తగలకూడదని తెర కూడా లాగేసింది. ఇక గేదెల్ని తనే బీడుకి తోలుకెళ్లేది. ఆయన బీడు మాటెత్తితే చాలు, ఇంతెత్తున లేచేది. పాపం, ఆయన మాటలే తగ్గించేశాడు. పెట్టింది సగం తిని సగం వదిలేసేవాడు.

ఆ చిత్తడి బీడు పక్షుల కోసం కాపాడుతున్న నేల. జమ్ము, తుంగ, మడుగుల్లో కలువలు, ఎటు చూసినా కొంగలు. గేదెల మేతకు అభ్యంతరం లేదు. ఒక మూల మెరక మీద ఏటా ఒక తీతువుల జంట గుడ్లు పెట్టేది, గూడూ పాడూ లేకుండా, ఉత్త నేల మీదే. ఆ జంటంటే పెద్దాయనకి ప్రాణం. గేదెలు గుడ్లు తొక్కేస్తే ఆయనకి మొహం ఎలా చూపించాలని, పిట్టలు రాకముందే ఆవిడ బీడు కాపలాదారుని అడిగి మెరక చుట్టూ తాడు కట్టేసింది. ఒక్క గేదెని అటు మూతి పెట్టనిస్తే ఒట్టు.

వానలు పడ్డాయి. తాడు లోపల గడ్డి మోకాలెత్తు లేచింది. తీతువులు వచ్చాయి, అరుస్తూ పైనే తిరిగాయి, దిగలేదు. మర్నాడూ అంతే. ఆవిడ ఇంటికొచ్చి, దాచుకోలేక ఆయనకి చెప్పేసింది.

ఆయన కోప్పడలేదు. ఎన్నాళ్లకో నవ్వాడు.

"పిచ్చిదానా, కూర్చున్న చోటి నుంచి పిట్టకి నాలుగు వైపులా కనపడాలి. ఏమీ కనపడని చోట ఎంత భద్రంగా ఉంటే మాత్రం ఎలా ఉంటుందే?"

ఆవిడ తలెత్తి చూసింది. ఆయన భుజం పక్కనే, లాగేసిన తెర. ఆవిడ తెర పక్కకి తీసి, స్టూలెక్కి, బూట్లు దించి కొంగుతో తుడిచింది.

మర్నాడు ఇద్దరూ కలిసే వెళ్లారు. ఆవిడ తాడు విప్పేసింది, గేదెలు కడుపారా మేశాయి. గడ్డి పొట్టిదయ్యాక ఒక పొద్దున తీతువులు చుట్టూ తిరిగి తిరిగి మెరక మీద వాలాయి. గట్టు మీద పెద్దాయన ఊపిరి బిగబట్టి చూశాడు. ఆ బిగబట్టడానికే ఆవిడ హడలిపోయి, మాత్రల డబ్బా మూత తీసేసింది.

"ఏం కాలేదే," అన్నాడాయన.

"నా భయం నాది. దాంతో మీకేం పని?" అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "రేపట్నుంచి గేదెల్ని మీరే తోలండి. నేను వెనకాల వస్తాను."