ఇత్తడి అడ్డు ఎటు వంగాలి?

ఆసిఫాబాద్ జిల్లా కేంద్రమైన మరుసటి వేసవిలో నన్ను కరీంనగర్ నుంచి అక్కడి శిక్షణ కేంద్రానికి డిప్యుటేషన్ మీద పంపారు. అంటే జీతం పాత చోట, పని కొత్త చోట. నేను ఫిట్టర్ ట్రేడు ఇన్‌స్ట్రక్టర్‌ని. వెదురు బుట్టలు అల్లేవాళ్ల కత్తులకు అడ్డు తయారుచేయడం నాకిచ్చిన పని. వెదురు చీల్చేటప్పుడు పిడి మీది చెయ్యి అలుగు మీదికి జారి చాలామందికి వేళ్లు తెగుతున్నాయి. పిడికీ అలుగుకూ మధ్య ఒక ఇత్తడి పలక ఉంటే చెయ్యి అక్కడే ఆగుతుంది.

కత్తులు చేసే కమ్మరి లచ్చన్నతో కలిసి మొదటిది తయారుచేశాం. పిడిలోకి దిగే కత్తి తోకకు సరిపోయేలా పలక మధ్యలో వరసగా రంధ్రాలు వేసి, ఆకురాయితో వాటిని కలిపి బిగుతైన గాడి చేశాం. బొటనవేలు ఆనడానికి, పిడికి రెండు పక్కలా బయటికి ఉండే పలక చెవుల్లో ఎడమదాన్ని కొంచెం వంచాను. కుడి చెవిని చదునుగానే ఉంచాను.

ఆ కత్తిని వాడి చూడమని బుట్టలల్లే పోశన్నకిచ్చాం. అది నచ్చితే మిగతా కుటుంబాలకూ చేసివ్వాలని మా ప్రిన్సిపాల్ అన్నారు.

కొన్నాళ్లకు పోశన్న కత్తి తిరిగి తెచ్చాడు. "జర చూడుండ్రి సారు, పట్టు కుదురుతలేదు" అన్నాడు. చూస్తే ఎడమ చెవి చదునుగా ఉంది, కుడి చెవి వంగి ఉంది. నాకు అర్థం కాలేదు. లచ్చన్న నాకు చెప్పకుండా మార్చాడేమో అనుకుని, మళ్లీ నా డ్రాయింగ్ ప్రకారం వంచి ఇచ్చాను. తర్వాతి వారపు అంగడి కాగానే కత్తి మళ్లీ వచ్చింది. మళ్లీ కుడి చెవే వంగి ఉంది. లచ్చన్నను అడిగితే అతని ముఖం మాడిపోయింది.

"నేను ముట్టనే లేదు సారు. మీరే మారుస్తుండ్రనుకున్న."

నేనే మరిచిపోయి తిప్పి వంచానా అని నా డ్రాయింగును రెండుసార్లు చూసుకున్నాను. ఎండకు ఇత్తడి వంగుతుందా అని కూడా ఆలోచించాను. వంగదని పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి నేనే. లచ్చన్న మాత్రం నాతో మాట్లాడటం తగ్గించాడు.

మూడోసారి పోశన్న ఒంటరిగా రాలేదు. భార్య రాజవ్వ వెంట ఉంది. ఆమె ఎడమ చేతికి కట్టు ఉంది. అడ్డు కుడి చెవి విరిగి, ఆ అంచు ఆమె బొటనవేలి మొదట్లో దిగిందట. కత్తి పట్టేది కుడి చేత్తో కదా, దెబ్బ ఎడమ చేతికి ఎట్లా తగిలిందని అడిగాను.

"నాది ఎడమ చేతి వాటం సారు" అంది రాజవ్వ. "ఈయన అంగడికి పోతే చీల్చుడు నాదే. గా వంకర నా ఏలుకు తగుల్తదని రాయి మీద పెట్టి అటుది ఇటు కొట్టుకున్న."

పోశన్న ఆమె వైపు తిరిగి, "నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

"నువ్వెప్పుడన్న అడిగినవా?"

ఇత్తడిని కాల్చి మెత్తబరచకుండా అటూ ఇటూ వంచితే గట్టిపడి పగులుతుంది. ఆమె అక్కడ, నేను ఇక్కడ, ఒకే చోట మార్చి మార్చి వంచాం. నేను లచ్చన్న వైపు చూశాను. అతను కొలిమి రాజేశాడు.

ఈసారి కొత్త పలకను ఎర్రగా కాల్చి, ఏ చేతికైనా కుదిరేలా రెండు చెవులనూ ఒకే తీరుగా వంచి, వేళ్లకు గుచ్చుకోకుండా అంచులను గుండ్రంగా అరగదీశాం. కట్టు విప్పాక రాజవ్వ వచ్చి మా ముందే వెదురు చీల్చి చూపింది. ఆ కత్తి మళ్లీ మా దగ్గరికి రాలేదు. మిగతావాళ్లకూ అదే నమూనా చేశాం.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ పనిముట్టుకు డ్రాయింగ్ గీయాల్సి వచ్చినా, ఇంట్లో దాన్ని ఎవరు వాడతారని ముందే అడిగేవాణ్ణి. జవాబుగా ఒక్క పేరే చెప్పేవాళ్లు. ఇంకెవరని మళ్లీ అడిగితేనే రెండో పేరు వచ్చేది.