మా వీధికి జ్వరం తెచ్చిందెవరు?

రెండేళ్ల కింద వానాకాలంలో మార్కాపురంలోని మా వీధినిండా డెంగీ జ్వరాలు. గొర్రెలు మేపుకోవడానికి కోస్తాకు పోయిన వెంకటమ్మ వాళ్లు తిరిగొచ్చి అప్పటికి రెండు వారాలు. "వాళ్లే మోసుకొచ్చినారు" అని మా కిరాణా దుకాణంలో కూర్చుని మొదట అన్నది నేనే. ఆ మాటతో నీళ్ల ట్యాంకర్ దగ్గర ఆమె బిందెను ఎవరూ వరసలో పెట్టనీయలేదు.

మా రక్తాలు తీసుకుపోయిన పరిశోధకులు కొన్నాళ్లకు మళ్లీ వచ్చినారు. వాళ్లలో ఒక డాక్టరమ్మ, వైరస్ జన్యువులు చూస్తే దాని చుట్టాలు ఏ ఊళ్లో ఉన్నాయో తెలుస్తుందని చెప్పింది. "ఇది కోస్తా రకం కాదు, బెంగళూరు రకానికి దగ్గర. అప్పట్లో అక్కడికి ఎవరైనా వెళ్లొచ్చారా?"

పెండ్లికని నేను పోయినా. జ్వరంతో తిరిగొచ్చి, మాత్రలు మింగుతా, దోమలు ముసిరే మూతలేని నీళ్ల డ్రమ్ము పక్కనే దుకాణంలో కూర్చున్నా. వెంకటమ్మ ఊరు చేరిన రోజే ఉప్పు కోసం వచ్చి, "ఏంది అన్నా, వణుకుతున్నావు, చూపించుకో" అనింది కూడా.

డాక్టరమ్మ అడిగినపుడు గుంపులోంచి వెంకటమ్మ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

ఇన్నాళ్లకు ఇక్కడ రాస్తున్నా. అది కూడా, మా వీధిలో ఈ పత్రిక తెప్పించేది నేనొక్కణ్ణే అని తెలిసే.