ఏడాది మైల

మా బావ పెద్దకర్మ అయిపోయాక వచ్చిన మొదటి శనివారం, అక్క తలస్నానం చేసి ఉతికిన చీర కట్టుకుని రామాలయానికి బయల్దేరింది. తొంభైల చివరి సంగతి. వాళ్ళది పాలకాయతిప్ప దగ్గర ఊరు. నాది గుడివాడలో కుట్టుపని. కొట్టు మూసేసి అక్కకు తోడుగా వచ్చి ఉన్నాను.

బావ చేపల వేటకు వెళ్ళేవాడు. అయినా ఆయన్ని సముద్రం ఏమీ చెయ్యలేదు. ఇంటి ముందు వల బాగుచేసుకుంటూ గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. బందరు తీసుకెళ్ళేలోపే అంతా అయిపోయింది. శనివారం భజనలో ఆయన డోలక్ వాయిస్తే అక్క పాడేది. పోట్లాడుకున్న శనివారాల్లో మాటల్లేకుండా వెళ్ళి, కబుర్లు చెప్పుకుంటూ తిరిగొచ్చేవాళ్ళు.

గుడి మెట్ల దగ్గరే ఊరి పెద్ద ఆపాడు. వరసకు మాకు బాబాయి. బావ పాడె మోసినవాళ్ళలో ఆయనా ఒకడు. ఏడాది మైల ఉంటుందని, సంవత్సరీకం పెట్టేదాకా గుడి గడప తొక్కకూడదని మెల్లగానే చెప్పాడు. లోపల ఆడవాళ్ళు తాళాలు పట్టుకుని మా వైపే చూస్తున్నారు. ఒక్కరూ లేవలేదు. అక్క తల ఊపి వెనక్కి తిరిగింది.

నేను తిరగలేదు. "మొగుడు పోయిన మనిషికి దేవుడు ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు కావాలి, బాబాయ్?" అని అడిగాను.

"నేను పెట్టిన కట్టుబాటా ఇది, అమ్మాయ్? మా అమ్మ కూడా ఏడాదిపాటు రాలేదు" అన్నాడు. దాంతో అంతా తేలిపోయినట్టు లోపలికి వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మ ఆ ఏడాదంతా ఎలా గడిపిందో ఎప్పుడైనా అడిగాడా అసలు? పరామర్శకు వచ్చినవాళ్ళంతా దేవుడి మీద భారం వెయ్యమన్నవాళ్ళే. తీరా వెయ్యడానికి వెళ్తే గడప దగ్గర ఆపేశారు.

ఇంటికొచ్చేసరికి మైకులో భజన మొదలైంది. డోలక్ ఎవరో కొత్తవాళ్ళు వాయిస్తున్నారు, తాళం తప్పుతోంది. అక్క వసారాలో చాప వేసుకుని, ఆ మైకుతో పాటు పాడింది. మధ్యలో ఆగి, మళ్ళీ అందుకుంది. పాట అయ్యాక ఆమె ముఖం తేటపడింది. అది చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది. వద్దన్నవాళ్ళ మైకుకి నువ్వెందుకు పాడాలని తగులుకున్నాను.

"మైకు వాళ్ళదేలేవే. రాముడు వాళ్ళొక్కళ్ళ సొత్తు కాదుగా" అంది.

బావ ఇప్పుడు ఆ రాముడి దగ్గరే ఉన్నాడని, అక్కడ మాత్రం డోలక్ ముట్టుకోకుండా ఊరుకునే మనిషా అని చెప్పింది. బస్సులో సీటు దొరికిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. తర్వాత అన్నం పెట్టుకుని కడుపునిండా తింది. బావ పోయాక ఆమె అలా తినడం అదే మొదలు.

ఏడాదంతా వసారాలోనే పాడింది. సంవత్సరీకం అయ్యాక బాబాయే వచ్చి పిలిచాడు. వెళ్ళొద్దని పోరాను. విన్లేదు. వెళ్ళి తన చోట కూర్చుని పాడింది. తప్పయిందని ఎవరూ అనలేదు. అనాలని వాళ్ళకు తోచనే లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు పక్కవీధిలో ఒకామె భర్త పోయాడు. ఆమెనూ అలాగే ఆపారు. ఆ శనివారం అక్క గుడి మానేసి, వాళ్ళ వసారాలో ఆమె పక్కన కూర్చుని పాడింది. ఊరు ఏమంటుందోనని నేనడిగితే, బాబాయిని కూడా రమ్మని కబురు పంపానంది.

ఆయన రాలేదు.