ఒక కీమో ముందున్న అక్క

దిల్‌సుఖ్‌నగర్‌లో మేం పనిచేసే చీరల దుకాణంలో ప్రసన్నలక్ష్మి మాట అంటే మాటే. పోచంపల్లిలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి. చీర అంచును రెండు వేళ్ల మధ్య ఒక్కసారి నలిపిందంటే అది అసలు పట్టో, కలిపిన సరుకో ఇట్టే చెప్పేసేది. కొత్త సరుకు దిగితే మా యజమాని వెంకట్రావు మొదట ఆమెనే పిలిచేవాడు. ఆమెకు గర్వమూ తక్కువేం కాదు. "గీ వేళ్లున్నన్ని దినాలు నాకు కొలువు పోదు వదినా" అనేది నాతో. భర్త ఉపేందర్ నడుము దెబ్బతిని మంచం పట్టాక ఆ ఇల్లు ఆ వేళ్ల మీదే నడుస్తోంది.

నలభై ఆరో ఏట ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయ్యాక మూడు వారాలకొకటి చొప్పున ఎనిమిది కీమోలు ఎక్కించాలన్నారు. ఎల్బీనగర్‌లో ఆమె వెళ్లే దవాఖానలో పక్క కుర్చీలో పరిచయమైంది నాగేశ్వరి. కోస్తా నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో స్థిరపడ్డ ఇల్లాలు, మంచి మాటకారి. అదే జబ్బు, అవే మందులు. కాకపోతే ఒక కీమో ముందుంది.

ఆ ఒక్క కీమో ముందుండటమే వాళ్ల స్నేహానికి మూలం. ప్రతి కీమోకు ముందురోజు సాయంత్రం నాగేశ్వరి ఫోన్ చెయ్యాలి. ఆ మందుకు తనకు ఏ రోజు ఏమైందో వరసగా చెప్పాలి, ఏదీ దాచకూడదు. అదీ వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. మూడో రోజు నోరు పూస్తుంది, పెరుగన్నమే తినమని ఆవిడ అంటే మూడో రోజే పూసేది. జుట్టు ఎప్పుడు దిండు మీదకు వస్తుందో కూడా ముందే చెప్పింది. "డాక్టర్ చెప్పింది సగమే సమజైతది, అక్క చెప్తె కండ్ల ముందట ఉన్నట్టుంటది" అని మురిసిపోయేది మా పిచ్చిది.

నాలుగు అయ్యాక మందు మారుతుందని డాక్టర్ చెప్పి, ఏయే ఇబ్బందులు రావచ్చో రాసి ఉన్న ఇంగ్లీషు కాగితం ఒకటి ఇచ్చాడు. అది హ్యాండ్‌బ్యాగులో బిస్కెట్ పొట్లం కింద నలిగిపోయింది. నన్ను అడిగితే చదివిపెట్టేదాన్ని. తను అడగలేదు, నేనూ పట్టించుకోలేదు. అక్క ఉంది కదా! అప్పటికి నాగేశ్వరి ఇన్సూరెన్స్ అక్కడే చెల్లుతుందని మూసారాంబాగ్ వైపు వేరే ఆసుపత్రికి మారానంది. ఫోన్ మాత్రం తప్పలేదు.

"ఐదోదా? అబ్బే, హాయమ్మా! వాంతులు కూడా లేవు నాకు. నాలుగో రోజుకల్లా గారెలు వండుకుని తిన్నాం" అంది.

ప్రసన్నకూ వాంతులు కాలేదు. కానీ వేళ్ల కొసలు తిమ్మిరెక్కాయి. డాక్టర్‌కు చెప్పవే అన్నాను. వినలేదు. "అక్కకేం కాలే. నా ఒళ్లే నాజూకైంది. చెప్తె మందు ఆపుతరు, నేను ఎనకపడిపోత" అంది. ఆరోదానికి ముందు డాక్టర్ అడిగితే "ఏం లేదు సార్" అని చెప్పి వచ్చింది. డాక్టర్ కన్నా అక్కను ఎక్కువ నమ్మింది. అదే ఆమె చేసిన తప్పు.

ఆరోది అయ్యాక జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయింది. దుకాణంలో కలిపిన సరుకును అసలు పట్టు అని చెప్పి ఒకావిడకు అంటగట్టింది. ఆవిడ తిరిగొచ్చి నలుగురిలో రభస చేసింది. వెంకట్రావు ఆవిడ డబ్బు తిరిగిచ్చి పంపాడు. మర్నాడు కొత్త మూట విప్పినప్పుడు వేరే అమ్మాయిని పిలిచాడు. ప్రసన్న మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

ఏడోదానికి వెళ్లినప్పుడు సంతకం పెట్టబోతే చేతిలోంచి పెన్ను జారిపోయింది. డాక్టర్ అప్పుడు గమనించాడు.

"ఐదోదప్పుడే చెప్పి ఉంటే మోతాదు తగ్గించేవాళ్లం కదమ్మా! ఇప్పుడు తగ్గిస్తాను. పోయిన స్పర్శ ఎంత తిరిగొస్తుందో మాత్రం చెప్పలేను."

అప్పటికీ ఆమెకు నాగేశ్వరి మీద అనుమానం లేదు. ఒకటి ముందున్న లెక్కన నాగేశ్వరికి ఎనిమిదోది కూడా అయిపోయి ఉండాలి. "అక్క గట్టెక్కింది, చీర పెట్టి రావాలె" అంది. చీర తనే ఎంచి, నా వైపు తోసి, "జర నువ్వు పట్టి చూడు, మంచిదేనా?" అని అడిగింది. ఇరవై ఏళ్లలో నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. ఇద్దరం ఆటోలో కర్మన్‌ఘాట్ వెళ్లాం.

నాగేశ్వరి భర్త మల్లికార్జునరావు తలుపు తీశాడు. ఎనిమిదోది అయిపోయినందుకు వచ్చామని చెబితే తెల్లబోయాడు.

"ఎనిమిదోదేమిటమ్మా? నాలుగుతోనే మానేసింది. కాళ్లు పట్టుకున్నా వినలేదు. ఎవరో పసరు ఇస్తే అదే తాగుతోంది. మీకు చెప్పలేదా?"

నాగేశ్వరి లోపలి గదిలో మంచం మీద ఉంది. సగానికి సగం చిక్కిపోయింది. మమ్మల్ని చూడగానే ముఖం తిప్పుకుంది. ప్రసన్న మంచం దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఐదోది ఎక్కించుకోనే లేదా అక్కా?"

"లేదమ్మా. నాలుగోదానికే చచ్చిపోయాననుకున్నాను. మానేశానంటే నువ్వూ మానేస్తావని భయమేసింది. పైగా నీ ఫోన్... ఇంట్లో అందరూ నాకు చెప్పేవాళ్లే, నన్ను అడిగేదానివి నువ్వొక్కదానివే. అది పోగొట్టుకోలేకపోయాను."

నాకు జాలి కలగలేదు. ఆ మనిషి అలా పడి ఉన్నా సరే, ఒళ్లు మండింది. భయపడింది, సరే. భయమేస్తోందని చెప్పొచ్చుగా! తనకు తెలియదని ఒక్క మాట అంటే ప్రసన్న ఆ కాగితం చదివించుకునేది. గారెలు కూడా వండిందట!

"తెల్వదని చెప్తె అయిపోతుండె కదక్కా. డాక్టర్‌ను అడుగుతుంటి. ఇంకోటున్నది నాకు. గిప్పుడు భయమైతే ఎవరిని అడగాలె? ఎవరు చెప్తె నమ్మాలె?" అంది ప్రసన్న. గొంతు పెంచలేదు.

నాగేశ్వరి ఏడుస్తూ ఆమె రెండు చేతులూ పట్టుకుని తన చెంపలకు ఆనించుకుంది. తప్పయిపోయిందమ్మా అని అంటూనే ఉంది. ప్రసన్న తన వేళ్ల వైపు చూసుకుంది.

"నీ కన్నీళ్లు నా వేళ్లకు తెలుస్తలేవక్కా" అని చేతులు వెనక్కి తీసుకుంది.