బుడ్డోడి చోట రాయి

నా చిన్నప్పుడు, కోసిగి దగ్గర మా బడి హాకీ జట్టు మొట్టమొదటిసారి లీగు దాటి నాకౌటుకు చేరిందంటే అది నా వల్లనే. ఆ గోలు నేనే కొట్టాను. బంతి దెబ్బకు గోలు వల చిరిగి, అవతల వేపచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. ఇలా చెప్పి చాలామంది దగ్గర టీలు తాగాను. అసలు ఆ గోలుకు వలే లేదు. మిగతాది కూడా చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మా జట్టు ఏటా ఓడిపోయేది ఆట రాక కాదు. పోటీలు వచ్చేది సరిగ్గా సుగ్గి కాలంలో. వానలు లేని మా పడమటి ఊళ్లలో ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో పత్తి తీయడానికి దూరం పోవడాన్ని సుగ్గికి పోవడం అంటారు. సగం జట్టు ఆ లారీలోనే పోయేది. మిగిలినవాళ్లం వెళ్లి ఓడి వచ్చేవాళ్లం. ఒక ఏడు జట్టులో నేనొక్కణ్నే మిగిలాను. మాకు ఎద్దులుండేవి, బావి కింద కాస్త తడి ఉండేది. సాయంత్రం కర్ర పట్టుకుని మైదానానికి పోతే నా నీడ తప్ప ఎవరూ లేరు.

బడి పక్క గదిలో మా డ్రిల్లు సారు ఒంటరిగా ఉండేవాడు. ఆయన నన్ను ఓదార్చలేదు. పది రాళ్లు దొర్లించుకొచ్చి, ఒక్కొక్కడు నిలబడే చోట ఒక్కొక్కటి పెట్టాడు.

"కొట్టేముందు పేరు పెట్టి పిలువు. లేనోడు గూడా మన టీమోడే."

సిగ్గుతో ఒక పేరు గొణిగాను. "వాడు యాడో గుంటూరు దిక్కు పత్తిచేన్లో ఉండాడప్పా, అంత మెల్లగా పిలిస్తే వినపడతాదా?" అని సారు కసిరాడు. గొర్రెలు తోలుకుపోతున్న పెద్దమ్మ ఒకామె ఆగి, "ఏం సారూ, పిల్లోనికి గాలి సోకిందా? రాళ్లతో మాట్లాడతాండాడు!" అంది. "అవి బదులు చెప్తాండాయి లేమ్మా, నీకే వినపడల్యా" అన్నాడు సారు.

చలికాలమంతా అలా అరిచాను. ఉగాదికి అందరూ తిరిగొచ్చాక, పేరు పిలిచి బంతి కొట్టడం జట్టంతటికీ అలవాటు చేశాడు సారు.

మరుసటి ఏడు వానలు బాగా కురిశాయి. ఊళ్లో ఎవరూ కదలలేదు. మా ఎద్దుల్లో ఒకటి మాత్రం విత్తనం వేళకు చచ్చిపోయింది, చేను బీడుపడింది. ఆ ఏడు సుగ్గికి పోయింది మా ఇల్లొక్కటే. కర్నూలులో ఆ మ్యాచి జరుగుతున్నప్పుడు నేను ఎవరి చేనులోనో పత్తి తీస్తున్నాను. నిజం ఇది. మధ్యమధ్య నడుము నిలబెట్టి, మావాళ్లను పేరు పేరునా పిలిచేవాణ్ని. పక్క సాలులో మా అమ్మ ముఖం తిప్పుకునేది.

జరిగింది తర్వాత విన్నాను. పదిమందితోనే దిగారట. కుడి అంచున ఉన్న నా చోటు ఎవరికీ ఇవ్వలేదట. గెలిస్తేనే నాకౌటు. ఆట ఆఖరుకొచ్చినా ఒక్క గోలూ లేదు. అప్పుడు మా సెంటర్ హాఫ్ బంతి అందుకుని, నోటి అలవాటు కొద్దీ, ఖాళీగా ఉన్న ఆ చోటుకేసి "బుడ్డోడా, తీసుకో!" అని అరిచాడట. బుడ్డోణ్ని నేనే. అవతలివాళ్లు ఉలిక్కిపడి అటు తిరిగారు. అక్కడెవరూ లేరు. ఆ సందులో మావాడు బంతిని గోలులోకి కొట్టేశాడు.

నాకౌటులో చిత్తుగా ఓడారు, అది వేరే సంగతి. నేను ఊరికి వచ్చేసరికి మైదానంలో నా చోట సున్నపు బొట్టు పెట్టిన రాయి ఉంది. దాని నిండా బంతి దెబ్బలు. నేను ఏడవలేదు. సరే, ఏడ్చాను.

ఇప్పుడు కల్లూరులో కొడుకు కట్టిన కొత్త ఇంట్లో ఉంటున్నాను. ఆ జట్టులో మిగిలింది నేనొక్కణ్నే. అంటే ఇంకా ఇద్దరున్నారు గానీ, ఒకడికి వినపడదు, ఇంకొకడికి నేను గుర్తులేను. సాయంత్రం గేటు దగ్గర కుర్చీ వేసుకుని, ఎదుటి ఖాళీ జాగాకేసి, సారు చెప్పినట్టే అందరినీ పేరు పెట్టి పిలుస్తాను, గట్టిగా. షేర్ ఆటోలో పోయేవాళ్లు ఉలిక్కిపడి అటు తిరుగుతారు. అక్కడెవరూ ఉండరు.