ప్రజలు నడిచిన దారి

షికాగో చుట్టుపక్కల నన్ను అడక్కుండా ఒక్క ఇటుక పేర్చేవారు కాదు. అంతటి నేను ఒక చిన్న పార్కులో, పిడికెడు గడ్డి మీద ఎలా బోర్లా పడ్డానో చెబుతాను. నవ్వితే మెల్లగా నవ్వండి, మా ఆవిడ పక్క గదిలోనే ఉంది.

ఇటుకల మాట కాస్త సాగదీశాను. నేపర్‌విల్ దగ్గర ఒక చిన్న ఊళ్లో, భవనాలూ వీధులూ ఎలా ఉంటే బాగుంటుందో చెప్పే స్వచ్ఛంద సంస్థకు నేను డైరెక్టర్ని. డిజైనర్ శ్రావ్య, నేను, ఒక కాఫీ మెషీన్. అంతే సిబ్బంది. మమ్మల్ని ఎవరూ ఏదీ అడిగేవారు కాదు. చివరికి, స్టేషన్ పక్క పార్కులో కొత్త బాట ఎక్కడ వేయాలో చెప్పమని ఊరి కౌన్సిల్ అడిగింది. ఆ పని దక్కితే సంస్థ బతుకుతుంది, లేదంటే తాళమే.

ఆ పార్కులో గడ్డి అరిగి, ఏటవాలుగా సన్నటి కాలిదారి. జనం నడిచిన చోటే బాట వేయాలన్నది మా వృత్తిలో వేదవాక్కు.

"ఇది ప్రజల సంతకం!" అన్నాను.

"అంకుల్, ఈ దారిని వన్ వీక్ వీడియో తీశాను. మీరు ఫస్ట్ చూడండి," అంది శ్రావ్య.

"చూసేదేముంది? డైరెక్ట్‌గా కౌన్సిల్ మీటింగ్‌లో ప్లే చెయ్యి."

"ప్లీజ్ అంకుల్, వన్ మినిట్..."

"నాకే చెప్తావా?"

మీటింగ్‌లో మా ఆవిడ సుభద్ర పట్టుచీర మీద కోటు వేసుకుని ముందు వరసలో కూర్చుంది. ప్రజల అడుగుజాడల మహిమను పావుగంట వర్ణించి, పెళ్లిలో అడ్డుతెర తీయించినట్టు వీడియో పెట్టించాను.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఒక ఎర్ర టోపీ. సాయంత్రం అదే టోపీ. మంగళవారం, బుధవారం, ఇంకో పురుగు లేదు! శుక్రవారం సాయంత్రం ఆ టోపీ కెమెరా వైపు తిరిగింది. నోట్లో పునుగు. ముఖం నాది.

ఆ దారి చివర మనవాళ్ల టిఫిన్ షాపు ఉంది మరి. ఎవరో వేసిన దారి కదా అని నేను రోజూ దర్జాగా నడిచాను!

"ఇంతకీ ఆ ప్రజలు ఎవరు?" అంది మేయరమ్మ.

ముందు వరసలోంచి సుభద్ర లేచింది. "మా ఆయనేనండీ. డాక్టర్ నూనె మానమన్నాడు. వాకింగ్ చేస్తున్నానని నాకు చెప్తున్నారు."

పార్కు పని వేరేవాళ్లకు పోయింది. ఆర్నెల్లకు సంస్థకు తాళం పడింది. శ్రావ్యకు మంచి ఉద్యోగం దొరికింది, కాఫీ మెషీన్ నాతో ఇంటికొచ్చింది.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: తలలు లెక్కపెట్టకుండా 'ప్రజలు' అన్న మాట ఈ జన్మలో ఎత్తను. పూటపూటా ఆ గడ్డి తొక్కి ఊరిని తప్పుదారి పట్టించిన పాపం పూర్తిగా నాదే.

ఇంతవరకూ చదివి సుభద్ర కళ్లజోడు తీసింది.

"కోతలు చాలించండి. పొద్దున ఎనిమిదింటికి మీరు లేచిన రోజుందా? మీ టోపీ పెట్టుకుని వెళ్లింది నేను. పునుగులు అప్పుడే వేడిగా ఉండేవి."