నున్నటి గింజలు రెండు

పదహారేళ్లుగా నా గుండె మీద రెండు చింతగింజల బరువుంది. నవ్వకండి. ఇంట్లో వాళ్లకి కూడా చెప్పనిది మీకు చెబుతున్నాను.

అప్పుడు నేను బస్తర్ గనుల టౌన్‌షిప్‌లో ఒక చిన్న బడిలో కాంట్రాక్టు టీచర్ని. ఎనిమిదో తరగతికి పార్లమెంటు పాఠం చెప్పడానికి ‘కొండనాడు’ అని లేని దేశమొకటి కల్పించాం. ప్రధాని బడి కమిటీ పెద్దగారి అబ్బాయి. ఆటల పీరియడ్ ఇప్పిస్తానని మాట తప్పాడు. పిల్లలు అవిశ్వాసం పెట్టి ప్రభుత్వాన్ని పడగొట్టారు. మూడు రోజుల్లో మధ్యంతర ఎన్నిక.

మళ్లీ నిలబడ్డ ఆ అబ్బాయి మీద పోటీకి దిగింది సమ్మక్క. తెలంగాణ సరిహద్దులోని తర్లగూడ పిల్ల, మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. దాని ప్రచారం చూసి తీరాలి! ఒకరితో తెలుగు, ఒకరితో హిందీ, ఇంకొకరితో హల్బీ. కుళాయి దగ్గర చిన్నపిల్లలకే ముందు వంతు అని ఒకే ఒక్క వాగ్దానం. నాకెంత ముచ్చటేసిందో! మరి ఎందుకలా చేశాను?

ఓటుకి కాగితాల్లేవు. సమ్మక్కకి ఇప్పగింజ, అబ్బాయికి చింతగింజ. ప్రతి ఒక్కరికీ రెండూ ఇచ్చాం. నచ్చింది కుండలో వేసి, రెండోది జేబులో దాచుకోవాలి. భోజనాల వేళ స్టాఫ్‌రూమ్‌లో ఒక్కదాన్నే ముందుగా ఎంచి చూశాను. ఇప్ప ఇరవై రెండు, చింత పంతొమ్మిది. ఫలితం వినడానికి సాయంత్రం పెద్దగారు వస్తున్నారు. నా కాంట్రాక్టు పొడిగించాల్సిందీ ఆయనే. ఆయన నన్నేమీ అడగలేదు. బెదిరించనూ లేదు. పిరికితనమంతా నాదే. రెండు ఇప్పగింజలు తీసేసి, మేం టీచర్లం వామనగుంటలాడే డబ్బాలోంచి రెండు చింతగింజలు వేశాను.

సాయంత్రం అందరి ముందూ లెక్కపెట్టింది సమ్మక్కే. రెండు గింజల దగ్గర ఆగింది.

“ఇవేంది మేడం, ఇంత నున్నగున్నయ్? శానా దినాలు ఆడిన గింజల లెక్కున్నయ్.”

“గింజలన్నీ ఒకేలా ఉంటాయా అమ్మా? కానివ్వు.”

నా మొహంలోకి చూసింది. “సరే మేడం” అని వాటిని చింతగింజల కుప్పలో పెట్టింది. తన ఓటమిని తనే ప్రకటించింది. మర్నాడు ప్రతిపక్షంలో కూర్చుని, అడిగిందే అడిగి ఆ అబ్బాయి చేతే కుళాయి వంతు అమలు చేయించింది. పదమూడేళ్ల పిల్లకి అంత నిబ్బరం ఎక్కడిది? దానికి తెలుసా, తెలిసే ఊరుకుందా? ఎన్నిసార్లు వేసుకున్నానో ఈ ప్రశ్న!

మొన్న గీదం బస్టాండులో కనిపించింది. టీచరైంది, ఎన్నికల డ్యూటీకి వెళుతోంది. లెక్కంటే అందరి ముందూ జరగాలని నేర్పింది ఈ మేడమేనని పక్కవాళ్లకి గర్వంగా చూపించింది. నేను తల దించుకున్నాను. బస్సు వెళ్లిపోయింది.

క్షమించమని అడగను. అడిగే హక్కు పోగొట్టుకున్నాను. ఆరోజు చెప్పాల్సింది మాత్రం ఇప్పుడు చెబుతాను. కొండనాడు ఎన్నికల్లో ఇప్ప ఇరవై రెండు, చింత పంతొమ్మిది. గెలిచింది సమ్మక్క.